ఫైర్‌బాల్ ఎందుకు రాదన్నయ్యా? 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, మల్టీక్లాస్ ఆడేవాళ్ళ కోసం నా రివ్యూ

మొన్న ఆదివారం డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరూ ఒక పాత్రగా, పాచికలతో ఆడే కథల ఆట) మధ్యలో మా పిన్ని కొడుకు తన క్యారెక్టర్ షీట్ నా ముందుకు జరిపాడు. "అన్నయ్యా, నాకు మూడో లెవెల్ స్లాట్లు రెండున్నాయి, ఫైర్‌బాల్ మూడో లెవెల్ స్పెల్, నేను విజార్డ్‌ని, ఇంకేం కావాలి?" అన్నాడు. వాడిది క్లెరిక్ 3, విజార్డ్ 2, అంటే పూజారి తరహా క్లాస్‌లో మూడు లెవెళ్ళు, మంత్రగాడి క్లాస్‌లో రెండు. స్పెల్ అంటే మంత్రం, స్లాట్ అంటే ఒక మంత్రం వేయడానికి ఖర్చయ్యే వంతు, ఫైర్‌బాల్ అంటే గుంపు మీద పేలే నిప్పుగోళం. ఎదురుగా గుహలో గాబ్లిన్లు గుంపుగా నిలబడున్నారు, ఫైర్‌బాల్ పడితే ఒక్కటి కూడా మిగలదు, టేబుల్ మీద అందరూ నా మొహమే చూస్తున్నారు. డీఎంగా (కథ నడిపి రూల్స్ తేల్చే డంజన్ మాస్టర్‌గా) నాకూ వేయనివ్వాలనే ఉంది. కానీ పుస్తకం తెరిచి ఒక్క వాక్యం చదివి వినిపించి "రాదురా" అని చెప్పాల్సొచ్చింది. ఆ వాక్యం ఉన్న రెండు మూడు పేజీల గురించే ఈ రివ్యూ, మిగతా పుస్తకం గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు.

పుస్తకం వివరాలు ముందు చెప్పేస్తా. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, 2024 సెప్టెంబర్ 17న వచ్చిన కొత్తది. 384 పేజీలు, 2014 నాటి పాతది 320. క్లాసులు (పాత్రల వృత్తులు) పాతవే 12, కానీ ఒక్కోదానికి నాలుగు చొప్పున 48 సబ్‌క్లాసులు (క్లాస్ లోపలి శాఖలు). మీద వేసిన ధర 49.99 డాలర్లు, మన దగ్గరికి వచ్చేసరికి ఇంకా పెరుగుతుంది, అందుకే కొనేముందు ఎవరికి పనికొస్తుందో ఎవరికి అక్కర్లేదో వివరంగా చెప్పాలనిపించింది. మేం అయిదుగురం హైదరాబాద్‌లో ఆదివారాలు ఆడతాం, పాత పుస్తకంతో మొదలుపెట్టి ఇప్పుడు కొత్తదానికి మారాం, మా అయిదుగురిలో ముగ్గురు మల్టీక్లాసే. కాబట్టి ఈ పేజీలు నా పుస్తకంలో బాగా నలిగిపోయాయి.

మల్టీక్లాస్ అంటే తెలియనివాళ్ళకి ఒక ముక్క. మీ క్యారెక్టర్ లెవెల్ పెరిగిన ప్రతిసారీ అదే క్లాస్‌లో ముందుకెళ్ళాలని లేదు, ఇంకో క్లాస్‌లో మొదటి లెవెల్ తీసుకోవచ్చు. ఫైటర్ 5 అయినవాడు ఆరో లెవెల్‌కి రోగ్ 1 తీసుకుంటే వాడు ఫైటర్ 5, రోగ్ 1, మొత్తం ఆరో లెవెల్ క్యారెక్టర్. 2014 పుస్తకంలో ఇది ఆప్షనల్ రూల్, ఆరో చాప్టర్‌లో 163వ పేజీ దగ్గర ఉండేది, డీఎం ఒప్పుకుంటేనే. కొత్తదాంట్లో రెండో చాప్టర్‌లో, క్యారెక్టర్ తయారుచేసే దగ్గరే పెట్టారు. ఈ మార్పు నాకు చాలా నచ్చింది, ఎందుకంటే ఇదివరకు కొత్త ప్లేయర్‌కి మల్టీక్లాస్ అనేదొకటి ఉందని తెలిసేసరికే నాలుగైదు లెవెళ్ళు అయిపోయేవి.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. మల్టీక్లాస్ మీద నన్ను అడిగే ప్రశ్నల్లో పదికి తొమ్మిది ఒక్క చోటే పుడతాయి: క్యారెక్టర్ లెవెల్ వేరు, క్లాస్ లెవెల్ వేరు. రూల్ చదివేటప్పుడు "ఇది ఏ లెవెల్ గురించి మాట్లాడుతోంది?" అని ఒక్కసారి ఆగి అడిగితే సగం గొడవలు అక్కడే తెగిపోతాయి. ప్రొఫిషియెన్సీ బోనస్ (నేర్పున్న పనుల్లో పాచికకి కలిపే అంకె) మొత్తం లెవెల్‌ని బట్టి, కాబట్టి మా తమ్ముడికి అయిదో లెవెల్ క్యారెక్టర్‌గా ప్లస్ 3 వచ్చేసింది. క్యాంట్రిప్‌లు (స్లాట్ ఖర్చు లేని చిన్న మంత్రాలు) కూడా మొత్తం లెవెల్‌ని బట్టే పెరుగుతాయి, విజార్డ్ రెండే లెవెళ్ళున్నా వాడి ఫైర్ బోల్ట్ 2డీ10 (పది ముఖాల పాచికలు రెండు) కొడుతుంది. ఎక్స్‌పీరియన్స్ కూడా అంతే, మొత్తం లెవెల్ లెక్క. కానీ ఎబిలిటీ స్కోర్ (బలం, తెలివి లాంటి వాటి అంకె) పెంచుకునే అవకాశం మాత్రం క్లాస్ లెవెల్‌ని బట్టి, ఏదో ఒక క్లాస్‌లో నాలుగు చేరాలి. క్లెరిక్ 3, విజార్డ్ 2 అంటే అయిదో లెవెల్‌కొచ్చినా వాడికి ఆ అవకాశం ఇంకా రాలేదు, పక్కనున్న సింగిల్ క్లాస్ వాళ్ళందరికీ నాలుగో లెవెల్లోనే వచ్చేసింది. ఈ నష్టం గురించి పుస్తకం గట్టిగా హెచ్చరించాల్సింది, హెచ్చరించలేదు. కొత్తగా మల్టీక్లాస్ చేసేవాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే.

సరే ఫైర్‌బాల్. స్పెల్ స్లాట్లు లెక్కపెట్టేటప్పుడు బార్డ్, క్లెరిక్, డ్రూయిడ్, సోర్సరర్, విజార్డ్ లెవెళ్ళు మొత్తం కలుపుతాం. 3 ప్లస్ 2 అయిదు. పట్టికలో అయిదో వరస చూస్తే మొదటి లెవెల్ స్లాట్లు నాలుగు, రెండోవి మూడు, మూడోవి రెండు. ఇంతవరకు మా తమ్ముడి లెక్క కరెక్టే. కానీ ఏ స్పెల్ ప్రిపేర్ చేసుకోవచ్చు అనేది ప్రతి క్లాస్‌కీ విడివిడిగా, నువ్వు ఆ ఒక్క క్లాస్ మాత్రమే అయినట్టు చూసుకోవాలి, ఇదే నేను చదివి వినిపించిన రూల్. విజార్డ్‌గా వాడు రెండో లెవెల్ వాడు. రెండో లెవెల్ విజార్డ్ పుస్తకంలో ఉండేది ఎనిమిది స్పెల్స్, అన్నీ మొదటి లెవెల్‌వే. క్లెరిక్‌గా మూడో లెవెల్, అంటే రెండో లెవెల్ స్పెల్స్ దాకా. మూడో లెవెల్ స్పెల్ వాడికి ఏ వైపునుంచీ రాదు. విజార్డ్‌గా ఫైర్‌బాల్ కావాలంటే విజార్డ్ 5 కావాల్సిందే, ఎవరైనా ఆ స్పెల్ రాసున్న కాగితం తెచ్చి చేతిలో పెట్టినా సరే.

"మరి ఈ మూడో లెవెల్ స్లాట్లు దేనికి?" అన్నాడు వాడు, కొంచెం కోపంగానే. దానికి జవాబు ఉంది, మంచి జవాబే. చిన్న స్పెల్‌ని పెద్ద స్లాట్‌లో వేసుకోవచ్చు. కొత్త పుస్తకంలో క్యూర్ వూండ్స్ మొదటి లెవెల్ స్లాట్‌లో 2డీ8, ఒక్కో లెవెల్ పెరిగితే ఇంకో 2డీ8, అంటే మూడో లెవెల్ స్లాట్‌లో 6డీ8 ప్లస్ విజ్డమ్. పాత పుస్తకంలో ఇదే 3డీ8. ఆ రోజు మా ఫైటర్ కింద పడిపోతే వాడు అలాగే లేపాడు, ఆరు పాచికలు రెండు చేతుల్లో పట్టుకుని వేశాడు, ఇరవై ఎనిమిది పడింది, అందరం అరిచాం. అక్కడితో వాడికి ఆ స్లాట్ల విలువ అర్థమైంది. కానీ నిజం కూడా చెప్పాలి, వాడు క్లెరిక్ 5గానే ఉండుంటే ఈపాటికి స్పిరిట్ గార్డియన్స్, రివివిఫై చేతిలో ఉండేవి. రెండు పడవల మీద కాలు పెడితే రెండూ నెమ్మదిగానే వెళ్తాయి, ఇది లెవెల్ తీసుకునేముందే కూర్చుని ఆలోచించుకోవాలి.

మరి వాడికి లాభం ఏమొచ్చింది అంటే, కవచం. విజార్డ్ కవచం వేసుకుని మంత్రం వేయలేడు అనుకుంటాం కదా, రూల్ అది కాదు, ఆ కవచంలో శిక్షణ ఉండాలి అంతే, ఆ శిక్షణ ఏ క్లాస్ ఇచ్చినా పర్లేదు. క్లెరిక్ ఒక్క లెవెల్ తీసుకుంటే లైట్, మీడియం కవచాలు, డాలు వస్తాయి, కొత్త పుస్తకంలో మొదటి లెవెల్లోనే ప్రొటెక్టర్ ఎంచుకుంటే హెవీ కూడా వస్తుంది, అది క్లాస్ ఫీచర్ కాబట్టి మల్టీక్లాస్‌గా వచ్చినవాళ్ళకీ వర్తిస్తుంది. అదే ఫైటర్‌ని రెండో క్లాస్‌గా తీసుకుంటే హెవీ రాదు! ఫైటర్‌గా మొదలుపెడితేనే వస్తుంది. చాలామంది ఇది గమనించరు. రెండో క్లాస్ తీసుకున్నప్పుడు ఆ క్లాస్ మొదటి పేజీలో ఉన్నవన్నీ రావు, మల్టీక్లాస్‌కి విడిగా రాసిన చిన్న జాబితా మాత్రమే వస్తుంది, సేవింగ్ త్రోలలో (దాడినో మంత్రాన్నో తట్టుకోవడానికి వేసే పాచికల్లో) నేర్పు అసలు రాదు. కొత్త పుస్తకంలో ఆ జాబితాని ప్రతి క్లాస్ మొదట్లోనే పెట్టారు, పాతదాంట్లోలా వెనక్కీ ముందుకీ తిప్పక్కర్లేదు, దీనికి వాళ్ళకి నిజంగా దండం పెట్టొచ్చు.

అందుకే ఏ క్లాస్‌తో మొదలుపెట్టాం అనేది జీవితాంతం ఉంటుంది. ఫైటర్ 1తో మొదలై తర్వాత విజార్డ్ అయితే కాన్‌స్టిట్యూషన్ సేవ్ ఉంటుంది, దెబ్బ తగిలినప్పుడు కాన్సన్‌ట్రేషన్ (నడుస్తున్న మంత్రాన్ని పట్టి ఉంచే ఏకాగ్రత) నిలబెట్టుకోవడానికి అదే ఆధారం. విజార్డ్‌తో మొదలై ఫైటర్ తీసుకుంటే అది రాదు, పైగా మొదటి లెవెల్లో 10 హిట్ పాయింట్ల బదులు 6తో మొదలవుతారు. రెండు షీట్లు పక్కపక్కన పెడితే క్లాసులు అవే, లెవెళ్ళు అవే, మనుషులు వేరు.

అసలు కలపాలంటే అర్హత ఉండాలి, ఇప్పుడున్న క్లాస్‌కీ కొత్తదానికీ రెండింటికీ ముఖ్యమైన ఎబిలిటీ 13 ఉండాలి. మా తమ్ముడికి విజ్డమ్ 13, ఇంటెలిజెన్స్ 13 రెండూ కావాలి. పాలడిన్‌కైతే ఒక్కదానికే స్ట్రెంత్, కరిస్మా రెండూ 13, మాంక్‌కి డెక్స్టెరిటీ, విజ్డమ్. బయటికి వెళ్ళేటప్పుడు కూడా పాత క్లాస్ అర్హత ఉండాలి అనేది అందరూ మర్చిపోయే మాట. వీడియో గేమ్ బాల్డర్స్ గేట్ 3 ఆడి వచ్చినవాళ్ళకి ఇది అస్సలు తెలియదు, ఎందుకంటే ఆ గేమ్‌లో ఈ అర్హత తీసేశారు. వాళ్ళ తప్పు లేదు, ఓపిగ్గా చెప్తే సరిపోతుంది.

ఇక నాకు బాగా ఇష్టమైన ప్రశ్న మా ఫ్రెండ్ అడిగింది. వాడు బార్బేరియన్ 2, రోగ్ 3. "ఒరేయ్, రేజ్‌లో ఉండి స్నీక్ అటాక్ చేయొచ్చా?" చూడగానే కుదరదనిపిస్తుంది, ఒకడు ఆవేశంగా అరుస్తూ పరిగెత్తేవాడు, ఇంకొకడు చీకట్లో నక్కేవాడు. కానీ అక్షరం అక్షరం చదవండి. స్నీక్ అటాక్‌కి ఫినెస్ ఆయుధమో దూరం నుంచి కొట్టే ఆయుధమో ఉండాలి అంటుంది, డెక్స్టెరిటీతోనే కొట్టాలని ఎక్కడా లేదు. ఫినెస్ ఆయుధం అంటే స్ట్రెంత్ కానీ డెక్స్టెరిటీ కానీ మన ఇష్టం. రేజ్ డ్యామేజ్‌కి స్ట్రెంత్‌తో కొట్టాలి. అంటే రేపియర్ పట్టుకుని స్ట్రెంత్‌తో పొడిస్తే రెండూ వర్తిస్తాయి! ఇంకా పైన బార్బేరియన్ రెండో లెవెల్లో రెక్‌లెస్ అటాక్ ఉంది, స్ట్రెంత్ దాడికి అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం) ఇస్తుంది, స్నీక్ అటాక్‌కి కావాల్సింది అడ్వాంటేజే. వాడి స్ట్రెంత్ ప్లస్ 3. ఒక పోటుకి డీ8, ప్లస్ 3, రేజ్‌కి 2, స్నీక్‌కి 2డీ6, సగటున పదహారున్నర. మూడు వేర్వేరు చోట్ల రాసిన మూడు రూల్స్ ఇలా ఒకదాంట్లో ఒకటి తాళంచెవిలా దూరడం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. రెక్‌లెస్ అంటే శత్రువులకీ మన మీద అడ్వాంటేజ్ వస్తుందనుకోండి, వాడు దాదాపు ప్రతి ఫైట్‌లో సగం చచ్చి బయటపడతాడు. పైగా సింగిల్ క్లాస్ బార్బేరియన్‌కి అయిదులో వచ్చే ఎక్స్‌ట్రా అటాక్ వాడికి లేదు.

ఎక్స్‌ట్రా అటాక్ అన్నాను కాబట్టి, రెండు క్లాసుల్లో వచ్చినా అది కలవదు. ఫైటర్ 5, రేంజర్ 5 అయినా రెండే దాడులు, మూడు కావు, ఫైటర్ 11 అయితేనే మూడోది. కవచం లేకుండా ఏసీ (మనకి దెబ్బ తగలాలంటే శత్రువు పాచిక చేరాల్సిన అంకె) లెక్కేసే బార్బేరియన్, మాంక్ ఫీచర్లు కూడా అంతే, కూడడానికి లేదు, ఏదో ఒకటే.

ఇప్పుడు కొంచెం బాధ కలిగించిన విషయం. మా గ్యాంగ్‌లో అక్క ఒకావిడ పాలడిన్ 5, సోర్సరర్ 1. పాత పుస్తకంలో డివైన్ స్మైట్ అంటే దెబ్బ తగిలాక స్లాట్ ఖర్చుపెట్టి 2డీ8 నుంచి 5డీ8 దాకా కలిపేయొచ్చు, అదే టర్న్‌లో రెండో దెబ్బకి మళ్ళీ కలిపేయొచ్చు, క్రిటికల్ (పాచికలు రెట్టింపయ్యే దెబ్బ) పడిందని చూశాక కూడా నిర్ణయించుకోవచ్చు. ఆ స్లాట్లు పెంచుకోవడానికే జనం సోర్సరర్ తీసుకునేవాళ్ళు. కొత్త పుస్తకంలో అది బోనస్ యాక్షన్ (టర్న్‌లో ఒక్కసారే దొరికే చిన్న అదనపు పని) స్పెల్ అయిపోయింది, టర్న్‌కి ఒక్కటే. పైగా ఒక టర్న్‌లో స్పెల్ వేయడానికి ఒక్క స్లాటే ఖర్చుపెట్టాలి అని కొత్త రూల్ పెట్టారు, సోర్సరర్ క్వికెన్ చేసి (స్పెల్‌ని బోనస్ యాక్షన్‌గా మార్చి) ఒకేసారి రెండు పెద్ద స్పెల్స్ వేయడం పాత పుస్తకంలోనే కుదిరేది కాదు, ఇప్పుడూ కుదరదు. అక్క మొదటి సెషన్‌లో పాచికలు చేతిలో పట్టుకుని "ఒక్కటేనా తమ్ముడూ?" అని అడిగినప్పుడు నాకు నిజంగా కష్టమనిపించింది, ఆవిడ రెండేళ్ళుగా ఆ క్యారెక్టర్‌ని అలా పెంచుకుంటూ వచ్చింది. రోజుకోసారి స్లాట్ లేకుండా స్మైట్ ఇచ్చారు, అది కొంత ఊరట.

అయినా నా అభిప్రాయం ఏంటంటే మార్పు సరైనదే. పాత పద్ధతిలో పెద్ద రాక్షసుడితో ఫైట్ అంటే అక్క ఒక్క టర్న్‌లో తేల్చేసేది, మిగతా నలుగురం చూస్తూ కూర్చునేవాళ్ళం. స్లాట్ల లెక్కలో మాత్రం ఆవిడకి మేలే జరిగింది, ఇది చాలామంది చూడలేదు. పాత పుస్తకంలో పాలడిన్ లెవెళ్ళలో సగం తీసుకుని కిందికి రౌండ్ చేసేవాళ్ళం. పాలడిన్ 5 అంటే 2, దానికి సోర్సరర్ 1 కలిపితే 3, మూడో వరసలో స్లాట్లు నాలుగు, రెండు. ఒంటరి పాలడిన్ 5కి కూడా సరిగ్గా నాలుగు, రెండే! అంటే ఒక లెవెల్ మొత్తం సోర్సరర్‌కి ఇచ్చి ఒక్క స్లాట్ కూడా పెరగలేదు. కొత్తదాంట్లో పైకి రౌండ్ చేస్తారు, 3 ప్లస్ 1 నాలుగు, స్లాట్లు నాలుగు, మూడు. ఈ ఒక్క సవరణ పాలడిన్, రేంజర్ వాళ్ళందరికీ న్యాయం చేసింది. ఇలాంటి చిన్న చిన్న చోట్లే ఈ పుస్తకం రాసినవాళ్ళు పదేళ్ళు జనం ఎలా ఆడారో చూసి రాశారనిపిస్తుంది.

అలాంటిదే యాక్షన్ సర్జ్, అంటే ఒకే టర్న్‌లో ఫైటర్‌కి దొరికే ఇంకో యాక్షన్. ఫైటర్ 2 దాకా తీసుకుని విజార్డ్ అయితే పాత పుస్తకంలో ఒకే టర్న్‌లో రెండు ఫైర్‌బాల్స్ వేయొచ్చు, ఇప్పుడు ఆ అదనపు యాక్షన్‌తో మ్యాజిక్ యాక్షన్ (మంత్రం వేయడం లాంటివి) చేయకూడదని రాసేశారు. సబ్‌క్లాసులు కూడా అందరికీ మూడో లెవెల్లోనే. ఇదివరకు క్లెరిక్, సోర్సరర్, వార్‌లాక్‌లకి మొదటి లెవెల్లోనే వచ్చేవి, ఒక్క లెవెల్ డిప్ చేసి మంచిదంతా ఎత్తుకెళ్ళేవాళ్ళు. అయితే వార్‌లాక్ డిప్ పూర్తిగా పోలేదు, పాక్ట్ ఆఫ్ ది బ్లేడ్ మొదటి లెవెల్ ఇన్వొకేషన్‌గానే (వార్‌లాక్ ఎంచుకునే ప్రత్యేక శక్తి) తీసుకుని కరిస్మాతో కత్తి తిప్పొచ్చు, అక్క ఇప్పుడు దాని మీదే కన్నేసింది.

వార్‌లాక్ దగ్గర మాత్రం పుస్తకం ఇంకా తడబడుతుంది. వార్‌లాక్ స్లాట్లు పట్టికలో కలవవు, విడిగా ఉంటాయి, గంటసేపు షార్ట్ రెస్ట్ తీసుకుంటే తిరిగొస్తాయి, కానీ వాటితో వేరే క్లాస్ స్పెల్స్ వేసుకోవచ్చు, వేరే స్లాట్లతో వార్‌లాక్ స్పెల్స్ వేసుకోవచ్చు. దీన్ని రెండు మూడు వాక్యాల్లో ముగించారు. సోర్సరర్, వార్‌లాక్ కలిపి షార్ట్ రెస్ట్ స్లాట్లని సోర్సరీ పాయింట్లుగా, వాటిని మళ్ళీ స్లాట్లుగా మార్చుకుంటూ అసలు పడుకోకుండా తిరిగే బిల్డ్ ఉంది, జనం కాఫీలాక్ అంటారు, తయారుచేసిన స్లాట్లు లాంగ్ రెస్ట్‌తో (రాత్రి నిద్ర లాంటి పెద్ద విశ్రాంతితో) పోతాయి కాబట్టి వాడు లాంగ్ రెస్టే తీసుకోడు. మా టేబుల్‌లో రోజుకోసారి లాంగ్ రెస్ట్ లేకపోతే ఎగ్జాషన్ (అలసట) వస్తుందని పెట్టుకున్నాం, 2017లో వచ్చిన ఒక సప్లిమెంట్‌లో ఇలాంటి ఆప్షనల్ రూల్ ఉంది, దాన్నే పట్టుకున్నాం. మెయిన్ పుస్తకంలోనే ఒక మాట రాసుంటే డీఎంకి ప్లేయర్‌కి మధ్య మాటామాటా పెరగదు కదా.

ఇంకో లోటు, పూర్తి ఉదాహరణ. ఒక క్యారెక్టర్‌ని తీసుకుని లెవెల్ 1 నుంచి 6 దాకా రెండు క్లాసుల్లో ఎలా పెరిగాడు, హిట్ డైస్ ఏవి, స్లాట్లెన్ని, ఏ స్పెల్ ఏ ఎబిలిటీతో వేస్తాడు అని ఒక పేజీ వేసుంటే నా ఆదివారాల్లో ఎన్నో గంటలు మిగిలేవి. రేంజర్, సోర్సరర్‌తో ఒక చిన్న పేరా ఉంది, సరిపోదు. నేను మా వాళ్ళకోసం తెల్లకాగితం మీద మా తమ్ముడి షీట్‌నే అలా విడగొట్టి రాసి పుస్తకంలో ఆ పేజీ దగ్గర పెట్టాను, ఇప్పుడు ఎవరికి డౌట్ వచ్చినా ముందు ఆ కాగితమే తీస్తారు.

కొనాలా వద్దా? మీ టేబుల్‌లో ఒకరిద్దరైనా మల్టీక్లాస్ చేస్తుంటే, పాత పుస్తకం మీద ఇంకా వాదించుకుంటుంటే, ఒక కాపీ కొనండి, అందరికీ ఒకటి చాలు. సింగిల్ క్లాస్ ఆడేవాళ్ళు, ఇప్పుడిప్పుడే మొదలుపెట్టేవాళ్ళు తొందరపడొద్దు, ఎస్ఆర్‌డీ 5.2 (ఆట ముఖ్యమైన రూల్స్ ఉన్న పత్రం) అని 2025 ఏప్రిల్‌లో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉచితంగా ఇచ్చారు, మల్టీక్లాస్ రూల్స్ అందులో కూడా ఉన్నాయి, సబ్‌క్లాసులు మాత్రం క్లాస్‌కి ఒక్కటే. స్లాట్ల పట్టిక ప్రింట్ తీసుకుని టేబుల్ మీద పెట్టుకోండి. పాత, కొత్త పుస్తకాలు ఒకే టేబుల్ మీద కలపాలనుకుంటే మొదటి సెషన్‌కి ముందే స్మైట్, యాక్షన్ సర్జ్, సబ్‌క్లాస్ లెవెల్ ఈ మూడూ ఏ పుస్తకం ప్రకారమో తేల్చుకోండి, మధ్యలో మారిస్తే అక్కలాంటి వాళ్ళకి మనసు కష్టపడుతుంది.

నా రేటింగ్ అయిదుకి నాలుగు. ఆ ఒక్కటి ఉదాహరణ పేజీ లేనందుకు తగ్గించాను. మా తమ్ముడు వచ్చే వారం ఆరో లెవెల్‌కి వస్తున్నాడు, క్లెరిక్ 4 తీసుకుని విజ్డమ్ పెంచుకోవాలా, విజార్డ్ 3 తీసుకుని సబ్‌క్లాస్ ఎంచుకోవాలా అని నిన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు, క్లెరిక్ 4 తీసుకోరా అన్నాను, "మరి ఫైర్‌బాల్ ఇంకా దూరమైపోదా అన్నయ్యా" అంటున్నాడు.